ఆగలేనిదానికి దారి

డోర్నకల్ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం చివరికంటా నడవండి. చాయ్ కొట్టు దాటండి, పైకప్పు దాటండి, ఆఖరి దీపస్తంభం కూడా దాటండి. అక్కడ ప్లాట్‌ఫారం ఏటవాలుగా దిగి కంకరలో కలిసిపోతుంది. తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. మీ ఎడమ పక్క లూప్ లైనులో బొగ్గు బండి నిలబడి ఉంది. కొత్తగూడెం నుంచి కారేపల్లి మీదుగా వచ్చింది. యాభై ఎనిమిది డబ్బాలు. చివరి డబ్బా వెనకాల వెలిగే ఎర్రదీపం మీకు కనబడదు, అది అర కిలోమీటరుకు పైనే అవతల ఉంది. ఇంజను మాత్రం మీ పక్కనే ఝుమ్మంటోంది. డబ్బాల అంచుల దాకా తడి బొగ్గు. చెయ్యి చాపితే అందేలా ఉంది, వాసన అప్పుడే గొంతు దాకా వచ్చింది.

ఇప్పుడు మెయిన్ లైను వెంట గార్ల వైపు చూడండి. దీపం. అది కదలడం లేదు. ఎడమకు జరగదు, కుడికి జరగదు, చుక్కలాగా ఉన్నచోటే ఉంది. కాసేపు చూస్తే కొంచెం పెద్దదైనట్టు అనిపిస్తుంది, అంతే. పక్కకు జరగకుండా పెద్దదవుతున్న దీపం మీ మీదికే వస్తోంది. ఈ సంగతి నాకు ఏడేళ్లప్పుడు మా నాయన ఈ కంకర మీదే నిలబెట్టి చెప్పాడు. చాలా ఏళ్ల తరువాత, విశాఖపట్నం రేవు ముందు చీకట్లో ఒక చిన్న పడవలో కూర్చుని ఉండగా అదే పాఠం మళ్లీ పనికొచ్చింది.

పట్టాలు సన్నగా పాడడం మొదలవుతుంది. ముందు కాళ్లకు తెలుస్తుంది, తరువాత చెవులకు. దీపం ఒక్కసారిగా ఉబ్బుతుంది, గాలి ముఖాన కొడుతుంది, ఎక్స్‌ప్రెస్ డబ్బాల కిటికీలు పసుపుపచ్చ గీతలా సాగిపోతాయి. ఒక నిమిషం కూడా పట్టదు. ఆ తరువాత చాలాసేపు ఎండుటాకులు, చాయ్ కప్పులు పట్టాల మధ్య తిరుగుతూ ఉంటాయి. బొగ్గు బండి కదలకుండా అలాగే ఉంది. దాని వంతు ఇంకా రాలేదు.

మా నాయన ట్రాలీమన్. ఆ పని చూడనివాళ్ల కోసం చెబుతాను. నాలుగు చక్రాల మీద ఒక చెక్క బల్ల, దాని మీద ఇన్‌స్పెక్టరు కూర్చోవడానికి బెంచీ, ఎండకు గొడుగు, ఒక ఎర్రజెండా. నలుగురు ట్రాలీమన్లలో ఇద్దరు చెరో పట్టా మీద చెప్పుల్లేకుండా పరుగెడుతూ దాన్ని తోస్తారు. వేగం అందాక ఎగిరి కూర్చుంటారు. వేగం తగ్గగానే మళ్లీ దిగి పరుగు. అరచేతి వెడల్పు కూడా లేని ఇనుము మీద, ఎండాకాలంలో. మా నాయన పాదాలు గట్టిపడి తోలు చెప్పుల్లా ఉండేవి.

ట్రాలీ కోసం మామూలుగా లైను మూసిపెట్టరు. బండికీ బండికీ మధ్య దొరికిన ఖాళీలో అది నడవాలి. ముందుకొకరు, వెనక్కొకరు చూస్తూ ఉండాలి, మలుపుల్లో చెవులతో చూడాలి. బండి వస్తున్నదని తెలిసిన క్షణాన నలుగురూ దూకి, ట్రాలీని ఎత్తి, పట్టాల పక్కన దించాలి. దించాక దూరంగా జరగాలి, గొడుగు ముడవాలి, ఎందుకంటే బండి గాలికి గొడుగు లేచిపోతుంది. బండి వెళ్లిపోయాక మళ్లీ ఎత్తి పట్టాల మీద పెట్టాలి. రోజుకు ఎన్నిసార్లో లెక్క ఉండదు.

ఒక సెలవు రోజు నన్ను కట్ట పక్కన తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి పనిలోకి దిగాడు. నా కళ్ల ముందే గూడ్సు వచ్చింది, నలుగురూ ట్రాలీని అవతల పెట్టారు. మళ్లీ పట్టాల మీదికి తెచ్చారో లేదో ఇంకొకటి కూత పెట్టింది. నాకు కోపం వచ్చింది. ప్రతిసారీ మనమే ఎందుకు దిగాలి, వాళ్లు ఆగొచ్చు కదా అన్నాను. నాయన చెమట తుడుచుకుంటూ, "గది ఆగదు బిడ్డా. ఆగొద్దని కాదు, ఆగలేదు. మనం ఎత్తగల్గుతం. గందుకే మనమే ఎత్తాలె," అన్నాడు. ఆ మాటలో చిన్నతనం పడడం నాకు వినబడలేదు. తనకు చేతనైన పని గురించి చెబుతున్నవాడి గొంతే వినబడింది.

బండికీ బండికీ మధ్య తగువు వేరు. దాన్ని తీర్చడానికి కంట్రోల్ ఉంది, సిగ్నళ్లు ఉన్నాయి. అయిదు వేల టన్నుల బరువున్న బొగ్గు బండి కిలోమీటరు లోపల ఆగడం కష్టం కాబట్టి రెండు పసుపు దీపాలు, ఆపైన ఒక పసుపు దీపం చూపించి, ముందునుంచే వేగం తగ్గించి లూపులోకి తెస్తారు. డోర్నకల్ పేరు చెబితే కొందరికి అజరయ్య బిషప్పు, 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథీడ్రల్ గుర్తుకొస్తాయి. రైల్వే ఇళ్లలో పెరిగిన మాకు మాత్రం ఊరంటే ఈ లూపు లైన్లు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టకపోతే, దాని కోసం రైలు రాకపోతే, 1889 నాటికి ఆ రైలు బెజవాడ అందుకోకపోతే ఇక్కడ జంక్షనే లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న చుట్టూ కట్టిన ఊరు మాది.

సరే, ఇక సముద్రానికి పోదాం. రాత్రంతా రైలు.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో రాస్ కొండ మెట్లు ఎక్కండి. పైన మేరీమాత చర్చి. పక్క కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఒకే నీటివైపు చూస్తుంటాయి. చర్చి గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే ఇళ్ల కప్పులు, ఆరేసిన బట్టలు, క్రేన్లు. వాటికవతల నల్లగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ కొండలకూ ఆ కొండకూ మధ్య నీళ్లు ఒక వీధంత సన్నగా కనబడతాయి. లోపలి రేవులోకి పోయే కాలువ అదే.

కాసేపు ఉండండి. ఇళ్ల మీదుగా ఏదో కదులుతుంది. ముందు ఒక తెల్లటి మేడ పైభాగం, దాని వెనక పొగగొట్టం. మేడ నడవడమేమిటని మీరు కళ్లు నులుముకుంటారు. అది ఓడ. పొడవు రెండు వందల పాతిక మీటర్లు, వెడల్పు ముప్పై రెండు. ఆ కాలువలో అది అడ్డం తిరగాలంటే కుదరదు, దాని పొడవు కాలువ వెడల్పు కంటే ఎక్కువ. ముందు ఒక టగ్గు, వెనక ఒక టగ్గు. తేరు వీధి మలుపు తిరిగేటప్పుడు చూశారా? ముందు మోకులు పట్టినవాళ్లు, పక్కన చక్రాల కింద చెక్కలు వేసేవాళ్లు, అరుస్తూ దారి చూపే పెద్దమనిషి. ఆ పెద్దమనిషి ఇక్కడ పైలట్. ఓడ సముద్రంలో ఉండగానే చిన్న లాంచీలో ఎదురెళ్లి, ఊగుతున్న తాడు నిచ్చెన ఎక్కి లోపలికి పోతాడు. ఆయన పైన ఉన్నాడని చెప్పడానికి సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగురుతుంది.

ఈ కాలువ దేవుడిచ్చింది కాదు. 1933కు ముందు ఓడలు బయటే, అలల మీద లంగరు వేసి నిలబడేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవల్లో ఒడ్డుకు తెచ్చేవారు. ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది, ఎంత తవ్వినా పూడిపోతుంది. జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను ముఖద్వారం దక్షిణాన రాళ్లతో నింపి ముంచి, వాటిని అడ్డుకట్టగా చేసుకుని కాలువ తవ్వారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. తరువాత 1970లలో బయట రాతి గోడలు కట్టి వెలుపలి రేవు చేశారు, పెద్ద ఓడలు అక్కడే ఆగడానికి. ఇసుక తోడడం ఈనాటికీ ఆగలేదు. తోడిన ఇసుకను బీచిలో పోస్తారు.

కొండ మీది నుంచి చూస్తే నీళ్లన్నీ ఒకటే నీలం. కిందికి దిగి ఓడ కళ్లతో చూడండి. నీళ్ల కింద పద్నాలుగు మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడంత ఇనుము మునిగి ఉంది. తవ్విన కాలువలో దానికి దారి ఉంది, పక్కకు జరిగితే ఇసుక, ఇంకా జరిగితే రాయి. కడుపులో డెబ్బై వేల టన్నుల బొగ్గు. డబ్బాల బరువు పోను, డోర్నకల్ లూపులో మీరు చూసినలాంటి బండ్లు పద్దెనిమిదిలోని బొగ్గు కలిస్తే అంత. ఇంజను ఆపితే ఆగుతుందా? ఆగదు, జారుతూనే ఉంటుంది. పైగా చుక్కాని పనిచేసేది మర తోసే నీటి వడి మీద. మర ఆగితే చుక్కాని మాట వినదు. గట్టుకు దగ్గరైతే నీళ్లే తోకను గట్టువైపు లాగుతాయి. అందుకని పైలట్ దాన్ని కొంత వేగంతో నడిపించక తప్పదు. కాలువలోకి దిగిన ఓడ పట్టాలెక్కిన బండే. ఆ పట్టాలు మన కంటికి కనబడవు, అంతే తేడా.

తెరచాప పడవవాళ్లకు ఒక పాత గర్వం ఉంది, న్యాయమైనదే. నడిసముద్రంలో మరఓడ తెరచాపకు దారి ఇవ్వాలి. గాలికి ఎదురు నేరుగా పోలేని దాన్ని, తోచిన దిక్కుకు తిరగగలిగినది తప్పించుకుని పోవాలి. 1972లో దేశాలు ఒప్పుకుని 1977 నుంచి అమలు చేస్తున్న సముద్రపు రహదారి నియమాల్లో పద్దెనిమిదోది ఇదే. కానీ అదే పుస్తకంలో తొమ్మిదోది కూడా చదవాలి. ఇరుకు కాలువలో తప్ప నడవలేని ఓడకు, ఇరవై మీటర్ల లోపు పడవలు గానీ తెరచాప పడవలు గానీ అడ్డు కాకూడదు. వల వేసుకుంటున్న పడవకైతే ఇంకా గట్టిగా చెప్పారు, ఆ కాలువలో పోయే ఏ ఓడకూ అడ్డు రాకూడదని. కాలువను అడ్డంగా దాటేవాళ్లూ అంతే. నాకు ఆ పుస్తకంలో నచ్చినదేమిటంటే, రెండు ఓడలు ఎదురైనప్పుడు దారి నాది అనే హక్కును అది ఎవరి చేతిలోనూ పెట్టదు. నువ్వు తప్పుకో, నువ్వు నీ దారిన నిలకడగా ఉండు, నువ్వు అడ్డం రాకు అని పనులు పంచుతుంది. పెద్దదని ఓడకు పెద్దపీట వేయలేదు. ఆగలేదు, పక్కకు జరగలేదు కాబట్టి వేసింది. మా నాయన ఆ పుస్తకం చూడలేదు, ఇంగ్లీషు రాదు, సముద్రం చూడనే లేదు.

మన అమ్మాయిలు ఈ నియమాలతోనే లోకం చుట్టి వచ్చారు. నౌకాదళం తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగి వచ్చింది. ఆరుగురు ఆడవాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. కేప్ హార్న్ దగ్గర కొండలంత అలలు దాటిన ఆ పడవ పొడవు పదిహేడు మీటర్లే. నడిసముద్రంలో చమురు ఓడ కూడా దానికి తప్పుకోవాలి. ఫ్రీమాంటిల్‌లోనో కేప్ టౌన్‌లోనో రేవు కాలువ మొదలయ్యే చోట లెక్క తిరగబడుతుంది. తెరచాప ఎత్తి ఉన్నా సరే, ఇంజను తోస్తుంటే అది మరపడవ కిందే లెక్క. పగలైతే మొన కిందికి ఉన్న నల్ల శంకువు ఒకటి ముందు వేలాడదీసి ఆ సంగతి అందరికీ చెప్పాలి.

ఇక పడవ ఎక్కండి.

ఫిషింగ్ హార్బర్, తెల్లవారుజాము మూడు. ఐసు ముక్కలు చేసే మర గరగరలాడుతోంది. డీజిలు, ఉప్పు, నిన్నటి చేప, ఈ మూడూ కలిసిన వాసన. మరబోట్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ వరసలు కట్టి ఉన్నాయి. వాటి సందుల్లోంచి మన ఫైబర్ పడవ బయటికి జారుతుంది. నలుగురం. చుక్కాని దగ్గర కూర్చున్న పెద్దాయనను నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. వెనక చిన్న మోటారు ఉంది, కానీ రాతి గోడ దాటగానే దాన్ని ఆపి నీళ్లలోంచి పైకి లేపేశాడు. నేలవైపు నుంచి చల్లగాలి వస్తోంది. గాలి ఉచితం, నూనె కాదు. వెదురు బొంగుకు చుట్టిన చాప విప్పారు. రంగురంగుల గుడ్డలు, ప్లాస్టిక్ పట్టాలు కలిపి కుట్టిన చాప అది. నిండగానే పడవ కింద నీళ్లు గలగలమన్నాయి. మోటారు మోత పోయాక ఆ చప్పుడు ఎంత బాగుంటుందో, విని తీరాలి.

యారాడ వైపు పోవాలి, అంటే ఓడల కాలువను అడ్డంగా దాటాలి. ముందు ఒక పచ్చదీపం ఆరి వెలుగుతోంది. కాలువ అంచున లంగరు వేసిన బోయా. లోపలికి వచ్చే ఓడకు పచ్చవి కుడి పక్క, ఎర్రవి ఎడమ పక్క. ఆ రెండు వరసల మధ్యే కనబడని పట్టాలు.

"ఆ దీపాలు సూస్తన్నావా బాబూ?"

చూస్తున్నాను. సముద్రం మీద, చాలా దూరంలో. పైన రెండు తెల్లదీపాలు, ఒకదాని నెత్తిన ఒకటి నిలువునా. వాటి కింద ఒక ఎర్రది, ఒక పచ్చది, రెండూ కనబడుతున్నాయి. నేను బోయా పక్కగా చూపు నిలిపి చూశాను. ఎడమకు జరగదు, కుడికి జరగదు. గార్ల వైపు దీపం.

"రెండు రంగులూ అగుపడతన్నాయంటే ఆడి ముక్కు మనేపే. ఒక రంగు పోయిందనుకో, ఆడు పక్కనించి పోతన్నాడన్నమాట."

గాలి బాగుంది కదా బాబాయ్, అది వచ్చేలోపల దాటిపోలేమా అన్నాను. ఆ ప్రశ్న అడిగినవాడు తుమ్మచెట్టు కింద కోపంగా కూర్చున్న ఏడేళ్ల పిల్లవాడే.

"గాలి ఆడొచ్చేదాకానే మనది. ఆడొచ్చాక గాలీ ఆడిదే."

ఆయన చాప తాడు సడలించాడు. బొంగు వాలింది, చాప చప్పబడింది. బోయాకు ఇవతల, పడవ మెల్లగా ఊగుతూ నిలబడింది. కింద లోతు తక్కువ. ఓడ ఇక్కడికి రావాలన్నా రాలేదు. మనకు ఇదే కట్ట పక్కన నేల. రైల్వే వాళ్లు పొడవాటి వంతెనల మీద అక్కడక్కడా పక్కకు ఒక చిన్న అరుగు కడతారు, బండి వస్తే ట్రాలీని ఎత్తి అందులో పెట్టుకోవడానికి. చిన్నవాణ్ణి తప్పుకోమని చెప్పేవాళ్లు తప్పుకునే చోటు కూడా కట్టి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. రేవుల్లో కూడా అంతే. ఓడ ఏ వేళకు వస్తుందో పడవవాడి చెవిన పడాలి, కాలువ పక్కన అతను నిలబడే నీళ్లు పూడిపోకుండా ఉండాలి. అవి లేకుండా అడ్డు రావద్దని మాత్రం చెబితే అది సగం నియమమే.

ఎదురుగా చూస్తే ఇంకొక దీపం. రాత్రి వేటకు పోయిన మరబోటు ఒకటి అవతలి వైపు నుంచి హార్బరుకు తిరిగి వస్తోంది. ఇంజను టకటకమంటూ, తిన్నగా కాలువ మీదికి. వేలం మొదలయ్యే వేళ. ముందొచ్చినవాడి చేపకే రేటు. బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఓడ ఇప్పుడు దీపాల గుంపు కాదు, చీకట్లో ఇంకా చిక్కటి చీకటి. ఆకాశంలో చుక్కలు కొన్ని దాని వెనక పడి ఆరిపోయాయి. మరబోటు ఆగలేదు.

ఓడ కూత వేసింది. పొట్టివి, వెంటవెంటనే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు అని చెప్పడానికి సముద్రంలో అదే భాష. ఆ మోత ఛాతీలో తగిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాన్ని తిరిగి పంపించింది.

అక్కడ పైన, వంతెనలాంటి గదిలో నిలబడ్డ పైలట్ ఏం చూస్తున్నాడో ఇప్పుడు మీరు ఆలోచించండి. ఆయనకూ ఓడ ముక్కుకూ మధ్య రెండు వందల మీటర్ల ఇనుప మైదానం. ఆ ముక్కుకు అవతల కొంత దూరం నీళ్లు ఆయనకు కనబడనే కనబడవు. ఓడ పొడవుకు రెండింతలు లేదా అయిదు వందల మీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించి మరుగు ఉండకూడదని అంతర్జాతీయ నియమం. అంటే ఈ ఓడకు నాలుగు వందల యాభై మీటర్ల దాకా మరుగు ఉండొచ్చు. ఆ మరుగులోకి పడవ పోతే ఇక ఆయన చేయగలిగింది లేదు. అది అవతల తేలుతుందా లేదా అని ఎదురుచూడడమే.

మరబోటు దీపం ఓడ ముక్కు కిందికి పోయింది. ఆరిపోయినట్టే. మా పడవలో ఎవరూ మాట్లాడలేదు.

2011 ఆగస్టు 6న, పట్టపగలు, ఇంగ్లండు దక్షిణాన సోలెంట్ జలసంధిలో ఇలాగే జరిగింది. కౌస్ పట్టణంలో ఏటా జరిగే తెరచాప పందేల వారం అది. హాన్నె క్నూట్సెన్ అనే 1,20,000 టన్నుల చమురు ఓడ మలుపు తిరుగుతోంది. అక్కడ పెద్ద ఓడకు ముందు వెయ్యి మీటర్లు, పక్కల నూరేసి మీటర్లు ఎవరూ రాకూడని చోటు. అది గీత గీసిన చోటు కాదు, ఓడతోపాటు నడిచే చోటు. పది మీటర్ల పందెపు పడవ అటలాంటా ఆఫ్ చెస్టర్ అందులో చిక్కుకుంది. దాని పెద్ద తెరచాప ఓడ లంగరుకు తగులుకుంది, కొయ్య విరిగింది. ఒకరు నీళ్లలోకి దూకారు, ఒకరి తలకు దెబ్బ తగిలింది. అందరూ బతికారు. 2013లో కోర్టు పడవ నడిపినవారిని తప్పుపట్టి మూడు వేల పౌండ్ల జరిమానా, లక్ష పౌండ్ల ఖర్చులు వేసింది. ఆ దృశ్యాన్ని లోకమంతా వీడియోలో చూసింది. నన్ను పట్టుకున్నది ఆ ఢీకొట్టడం కాదు, దాని ముందరి కొన్ని నిమిషాలు. అటు తిరగనా, ఇటు తిరగనా, దాటేస్తానా అని పడవలో మనిషి మనసు ఊగిన ఆ సేపు. ఓడకు ఊగడానికి వీలే లేదు.

మరబోటు దీపం ఇవతల వైపు బయటపడింది.

బాబాయ్ కూర్చున్నాడు. "మా మేనల్లుడి బోటు," అన్నాడు, చాలాసేపటి తరువాత. ఇంకేమీ అనలేదు. ఒక కలాసీ బీడీ వెలిగించబోయి, అగ్గిపెట్టె మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఓడ ముక్కు దగ్గరైంది. బాబాయ్ టార్చి వేసి వాలిన చాప మీదికి తిప్పాడు. మనంతటి పడవకు రంగు దీపాలు లేకపోయినా పర్వాలేదు, వేళకు ఒక వెలుగు చూపిస్తే చాలు. చాప మీద వెలుగు పడితే పడవంతా కనబడుతుంది. ఎర్రదీపం ఓడ పక్కకు మరుగైపోయింది. పచ్చదొక్కటే మిగిలింది. ఒక రంగు పోయింది, మనం బయట ఉన్నాం.

అప్పుడు గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, తలుపు మూసినట్టు ఆగింది. ఓడ ఒళ్లు గాలికి అడ్డంగా గోడలా నిలబడింది. దాటుదామని బయలుదేరి ఉంటే మన చాప ఇలాగే, సరిగ్గా కాలువ నడుమ, చచ్చిన కాకి రెక్కలా వేలాడి ఉండేది. మోటారు తాడు లాగాలి, అది మొదటి లాగుకే అంటుకోవాలి. ఆడొచ్చాక గాలీ ఆడిదే.

తల ఎత్తండి. ఇంకా ఎత్తండి. ఇనుప గోడ మీదుగా పోతూనే ఉంది. నీటి మట్టానికి కాస్త పైన లోతు అంకెలు, తెల్ల రంగు, తుప్పు కారిన మరకలు. ఎక్కడో పైన ఒక నీళ్ల తూము ధార కడుతోంది. ఇంజను చప్పుడు చెవులకు కాదు, కూర్చున్న చెక్కకు తెలుస్తోంది. డోర్నకల్లో ప్లాట్‌ఫారం చివర అరికాళ్లకు తెలిసినట్టే. బొగ్గు వాసన. అవును, అదే వాసన, ఏ దూరదేశపు గనిదో. లూపులో నిలబడ్డ బండి పక్కన నిలబడి పీల్చిన వాసనే. పైన కటకటాల దగ్గర ఒక మనిషి నీడ. అతను చెయ్యి ఎత్తినట్టు అనిపించింది. బాబాయ్ టార్చి ఒకసారి ఆర్పి వెలిగించాడు.

వెనక టగ్గు, దాని తెల్ల నురుగు, డెక్కు మీద టీ తాగుతున్న ఇద్దరు. ఆపైన ఏమీ లేదు. చుక్కలు తిరిగి వచ్చాయి. నేను హమ్మయ్య అనుకుని చాప తాడు అందుకోబోయాను.

"ఉండు బాబూ. ఎనకాల కెరటం ఉంది."

ఆయన తెడ్డు వేసి పడవ ముక్కును ఓడ పోయిన వైపు తిప్పాడు. చీకట్లో నాకేమీ కనబడలేదు. ముందు బోయా ఒరిగింది, దాని పచ్చదీపం నీళ్ల మీద గీతలా సాగింది. అప్పుడు మన ముక్కు లేచింది. మొదటిది చిన్నది. రెండోది కొంచెం పెద్దది. మూడోదానికి వల కుప్ప జరిగి నా కాళ్ల మీద పడింది, నీళ్లు లోపలికి చిమ్మాయి. పక్క నుంచి తగిలి ఉంటే బోల్తా. నాలుగోదానికి బాబాయ్ అప్పటికే చెంబుతో నీళ్లు తోడుతున్నాడు.

నేల గాలి మళ్లీ మెడ వెనక తగిలింది. ఆయన కాలువకు అటూ ఇటూ చూశాడు, సముద్రం వైపు ఒకసారి, కొండ వైపు ఒకసారి, మళ్లీ సముద్రం వైపు. చూసి, "ఊఁ, ఎత్తండ్రా," అన్నాడు. చాప ఎత్తారు. పచ్చదీపం బోయా మన పక్కగా వెనక్కి జరిగిపోయింది.